వదులుకోవడానికి ఒక బిరుదు

శాంటా క్లారాలో మా అపార్టుమెంటు నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక లైబ్రరీ వస్తుంది. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి దాని వెనకగదిలో సినిమా వేస్తారు. టికెట్ లేదు. కుర్చీలు ముప్ఫై వేస్తారు, ఎనిమిదిమంది వస్తాం. ఉద్యోగం పోయిన తరవాత ఆ గురువారాలు నాకు అలవాటయ్యాయి. వెళ్ళొస్తానని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి చెప్పకుండానే వెళ్ళేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బెల్టు పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. మిగతావాళ్ళు నైటు ప్యాంట్లతో వచ్చేవారు. అది వాళ్ళిష్టం.

ఆ చలికాలం వరసగా ఒకే రకం సినిమాలు వేశారు. జపాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఈ పడమటి తీరంలో ఉన్న జపాన్ వంశస్థుల్ని, ఇక్కడే పుట్టినవాళ్ళని కూడా, ఇళ్ళు ఖాళీ చేయించి ముళ్ళకంచెల వెనక శిబిరాల్లో పెట్టారు. తరవాత ఆ శిబిరాల్లోంచే కుర్రవాళ్ళని సైన్యంలోకి తీసుకుని యూరప్ పంపారు. వాళ్ళు అక్కడ ఈ దేశం కోసం కాళ్ళూ చేతులూ పోగొట్టుకుంటుంటే వాళ్ళ అమ్మానాన్నలు ఇక్కడ కంచె వెనక ఉన్నారు. తిరిగొచ్చాక దుకాణంలో వాళ్ళకి సరుకు అమ్మనన్నవాళ్ళున్నారు. ఆ సైనికుల మీద తీసిన సినిమాలు అవన్నీ. కొన్ని పాతవి, నలుపూ తెలుపూ. కొన్ని ఈమధ్యవి.

మొదటి వరసలో గోడవైపు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఎనభై దాటిన మనిషి, జపాన్ వంశస్థుడు. కుర్చీ మీద వేసుకోవడానికి ఇంటి దగ్గర్నుంచి చిన్న దిండు తెచ్చుకునేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చే రెండో మనిషి ఆయనే. అందువల్లేనేమో ఒక కుర్చీ వదిలి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. నెలరోజులపాటు తల ఊపుకోవడం తప్ప మాటల్లేవు. మా మధ్య నడిచిన మాటలన్నీ ఇంగ్లీషువే. గుర్తున్నంత మట్టుకు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మొదటి మాట అన్నం గురించి. ఒక సినిమాలో సైనికులు గుడారంలో కూర్చుని అన్నం తింటున్నారు. ఆయన నావైపు వంగి, "చూశారా, ఆ బియ్యం తప్పు. మెతుకు మెతుకూ విడిపోయింది. మావాళ్ళు అలాంటిది నోట్లో పెట్టరు" అన్నాడు.

"మా ఇంట్లో విడిపోకపోతే వంటవాణ్ణి మార్చేసేవారు" అన్నాను.

"వంటవాడా?" అని నన్ను ఎగాదిగా చూశాడు. "మరి ఈ ప్లాస్టిక్ కుర్చీలో ఏం చేస్తున్నారు?"

నేను నవ్వాను. బయటి మనిషి అడిగిన మాటకి నవ్వడం నాకు చాలాకాలం తరవాత అదే.

*

వంటవాడి మాట ఎందుకొచ్చిందో చెప్పాలి. మాది గోదావరి వైపు ఒక చిన్న జమీందారీ. నేను పుట్టేనాటికే లేదు. ఇప్పుడు అక్కడ మాది అనడానికి జానెడు నేల మిగల్లేదు. దివాణం ఉన్నచోట ఫంక్షన్ హాలు కట్టారు. మా పినతండ్రి మనవడి పెళ్ళి అందులోనే చేశారు, అద్దెకి తీసుకుని. సంబంధాలు చూసే వయసులో మావాళ్ళు నాకు స్థాయికి తగిన సంబంధం కావాలని కూర్చున్నారు. ఈలోగా స్థాయి పోయిన సంగతి ఊరందరికీ తెలిసింది, సంబంధాలు రావడం మానేశాయి. నాకు పెళ్ళి కాలేదు. దాని గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

మిగిలింది ఒక్కటే. మా వంశంలో మగపిల్లల పేరు ముందు 'రాజా' అని ఉంటుంది. నవాబులు ఆ బిరుదు ఇస్తూ రాసిన సనదు ఒకటి, దాన్ని తెల్లవాళ్ళు ఒప్పుకున్న కాగితం ఒకటి ఉండేవట. జమీందారీలు రద్దయ్యాయి, బిరుదులు చెల్లవన్నారు. ఆ మాట మాత్రం పేర్లకి అంటుకుని ఉండిపోయింది. నా పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడిలో మొదటి మాట అదే. కాబట్టి ఈ దేశంలో ఇరవై ఆరేళ్ళుగా మేనేజర్లూ, డాక్టరు దగ్గర నర్సులూ, అందరూ నన్ను రాజా అనే పిలిచారు. అది నా పేరు కాదని నేనెవరికీ చెప్పలేదు. మా తాతగారిని ఆ మాటతో పిలవాలంటే ఊళ్ళో మనిషి చేతులు కట్టుకోవాలి. ఇక్కడ కాఫీ తాగుతూ, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని పిలిచేవారు. అయినా వినడానికి బాగానే ఉండేది.

ఆ చలికాలానికి ముందే నేను పౌరసత్వానికి అప్లై చేశాను. మా కింది ఫ్లాట్‌లో కరీంనగర్ అమ్మాయి ఒకతె ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మా కాంప్లెక్స్‌లో ఎవరి ఫారమైనా ఆమె చేతిమీదుగానే వెళుతుంది. ఒక శనివారం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అంకుల్, మొత్తం ఈజీనే. ఈ పార్ట్ అయితే నో, నో, నో కొట్టుకుంట పోవుడే" అంటూ చదవడం మొదలుపెట్టింది. "కమ్యూనిస్ట్ పార్టీ? నో. అరెస్ట్ అయిండ్రా? నో. వేరే దేశంల హెరిడిటరీ టైటిల్ ఉన్నదా, ఎప్పుడన్న ఉండెనా? నో."

"ఆగమ్మా."

"ఏమైంది అంకుల్?"

"ఉంది."

ఆమె లాప్‌టాప్ మీంచి తలెత్తింది. "ఏంది? నిజంగనా? మీరు రాజాసాబా?" అని ఒకటే నవ్వు. "మరి మొన్న రీసైక్లింగ్ డబ్బా మీరే తోసుకుంట పోతున్నరు?"

"నువ్వు తోస్తావా అయితే?"

"అయ్యో, హుకుం అయితే తోస్త!" అంది. నవ్వు ఆపుకుని మళ్ళీ స్క్రీన్ చూసింది. "కానీ అంకుల్, యెస్ కొడితే ఇంకో క్వశ్చన్ ఓపెన్ అయితది. చూడండి. ఆ టైటిల్ గివప్ చేసేందుకు విల్లింగా అని. సెరిమనీ రోజు అందరి ముంగట చెప్పాలె. ఎందుకు ఈ ఎక్స్‌ట్రా లొల్లి? ఇండియాల టైటిల్సే లేవు కదా. ఏ లాయర్‌ని అడిగినా నో కొట్టమనే అంటడు."

చట్టప్రకారం ఆమె చెప్పిందే నిజం కావచ్చు. కానీ నేను ఆ గడిని చాలాసేపు చూశాను. లేదు అంటే ఎన్నడూ లేనట్టే. ఉంది అంటే వదులుకోవాలి. రెండింట్లో రెండోదే మర్యాదగా కనిపించింది. ఉన్నవాడే కదా వదులుకోగలిగేది. మావాళ్ళ చేతుల్లోంచి పోయినవన్నీ ఎవరో ఒకరు లాక్కుంటే పోయినవే. ఇదొక్కటైనా నా అంతట నేను, నిలబడి ఇచ్చేస్తాను అనుకున్నాను. నేనే వేలు పెట్టి యెస్ అన్నచోట నొక్కాను.

"మీ ఇష్టం, రాజావారూ" అంది ఆ అమ్మాయి.

ఇంటర్వ్యూ ఎప్పుడో తెలియాలంటే నెలలు పడుతుందన్నారు.

*

జనవరిలోననుకుంటాను, ఒక సినిమాలో శిబిరం భోజనశాల చూపించారు. పొడుగు బల్లలు, వాటి మీద కాగితాలు. అందులో రెండు ప్రశ్నలు ముఖ్యం. అమెరికా సైన్యంలో చేరి ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళి పోరాడతావా? జపాన్ చక్రవర్తికి విధేయతని వదులుకుంటావా? కుర్రవాళ్ళు ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వచ్చి అవును అవును అని రాసి సంతకం పెడుతున్నారు. వెనక సంగీతం పెరుగుతోంది. పెద్దాయన దిండు మీంచి ముందుకి జరిగి, తెర మీద మూలలు వెతుకుతున్నట్టు చూస్తున్నాడు. సంతకం పెట్టేవాళ్ళ ముఖాల్ని చూడటం లేదు.

సినిమా అయ్యాక లైబ్రరీ బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎండ ఉంది కానీ చలిగాలి వీస్తోంది.

"దేనికోసం వెతికారు?" అని అడిగాను.

"మా నాన్న కోసం" అన్నాడు. "నేను ఆ శిబిరంలోనే పుట్టాను. ఆ కాగితం వచ్చినప్పుడు మా నాన్నా, బాబాయీ ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. బాబాయి రెండు చోట్లా యెస్ రాశాడు. నాన్న రెండు చోట్లా నో రాశాడు. బాబాయి యుద్ధానికి వెళ్ళి ఒక కాలు ఇటలీలో వదిలేసి వచ్చాడు. నాన్నని ఇంకా గట్టి కాపలా ఉన్న వేరే శిబిరానికి పంపేశారు. ఈ సినిమాలన్నీ బాబాయివి. ఎన్ని తీశారో చూడండి. నాన్నవి లేవు. ఉంటే గింటే హీరో చేతిలో దెబ్బ తినే పిరికివాడిగా ఉంటాడు. ఎక్కడో ఒకచోట, ఆ వరసలో వెనక, ఎవడైనా మామూలు మనిషి లేచి బయటికి వెళ్ళిపోతాడేమోనని చూస్తుంటాను."

"వెళ్ళాడా ఎవరైనా?"

"ఒక సినిమాలో రెండు సెకన్లు. వీపు మాత్రమే."

నో అని ఎందుకు రాశాడని అడిగాను. ఆయన ఈ జవాబు చాలాసార్లు చెప్పినవాడిలా చెప్పాడు. "మా నాన్న పుట్టింది ఇక్కడికి గంట దూరంలో, స్ట్రాబెర్రీ పొలంలో. ఆ చక్రవర్తిని ఆయన ఫొటోలో కూడా సరిగ్గా చూడలేదు. విధేయత వదులుకుంటున్నానని రాస్తే, అంతకుముందు విధేయత ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా? నా దగ్గర లేనిదాన్ని ఎలా వదులుకోను అన్నాడు. కాగితంలో దానికి గడి లేదు. యెస్, నో, అంతే."

"తిరిగొచ్చాక అన్నదమ్ములు?"

"పండగరోజు ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. అన్నం గిన్నె ఒకళ్ళ వైపు ఒకళ్ళు జరుపుకునేవాళ్ళు. మాటల్లేవు. బాబాయి చనిపోయినరోజు నాన్న పెరట్లో కూర్చుని షూస్ పాలిష్ చేశాడు. ఒక జత. రోజంతా."

ఆ మాట తరవాత నేను ఊరుకుని ఉండవలసింది. కానీ ఎన్నో ఏళ్ళుగా నా సంగతి అడిగే మనిషి లేక, ఆ బెంచీ మీద నాకు ఉత్సాహం వచ్చింది. నా ఫారం గురించి చెప్పాను. బిరుదు ఉందా, వదులుకుంటావా అన్న ప్రశ్న గురించి చెప్పాను. ఆయన నిజంగానే నవ్వాడు. "అంటే మీరు నిజం రాజా? నేనేదో మీ అమ్మ ముద్దుగా పెట్టిందనుకున్నాను" అన్నాడు.

ముద్దుగా పెట్టిన పేరు కాదని ఆయనకి తెలియాలనిపించింది. ఆ బిరుదు ఎలాంటిదో తెలియాలంటే మా ఇంట్లో అందరూ చెప్పే ఒక కథ ఉంది. పెళ్ళిళ్ళలో, పిండివంటల దగ్గర, మా మేనత్తలు అభినయించి మరీ చెప్పేవారు. అది చెప్పాను.

మా దివాణం ముందునుంచి వెళ్ళే ఊరివాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. అది రివాజు. ఊరి చివరి పేటలోంచి ఒకతను పటాలంలో చేరాడు. దళితుడు. అప్పట్లో మా ఇంట్లో వాడే మాట ఇక్కడ రాయను. యుద్ధం అయిపోయి ఖాకీ బట్టల్లో, మోకాలి దాకా పట్టీలు చుట్టిన బూట్లతో ఊళ్ళోకొచ్చాడు. దివాణం ముందుకి వచ్చేసరికి మా తాతగారు వసారాలో కూర్చుని ఉన్నారు. ఏమీ అనలేదు, ఊరికే చూశారు. అతను రోడ్డు మీద కూర్చున్నాడు. పట్టీలు విప్పాలి, లేసులు విప్పాలి, లేసులు ముడిపడిపోయాయి. ఎంతకీ రావు. పళ్ళతో లాగాడు. అరగంట పట్టింది. ఈలోగా మా తాతగారు కాఫీ తెప్పించుకుని తాగి, రెండోది కూడా తెప్పించుకున్నారు. మా మేనత్త పళ్ళతో లేసు లాగడం చేసి చూపిస్తే, చిన్నప్పుడు మేము నేల మీద పడి దొర్లేవాళ్ళం.

నేను కూడా ఆ బెంచీ మీద చేసి చూపించాను.

పెద్దాయన నవ్వలేదు. "ఏ యుద్ధం?" అన్నాడు.

"ఇదే. రెండో ప్రపంచ యుద్ధం."

"ఎక్కడ పోరాడాడు?"

"ఇటలీ అనేవారు" అన్నాను.

"ఆయన పేరేమిటి?"

ఆ కథ వందసార్లు విన్నాను. మా తాతగారు తాగిన కాఫీ గ్లాసు వెండిదని తెలుసు. ఆ మనిషి పేరు అందులో ఎక్కడా లేదు.

"తెలియదు" అన్నాను.

ఆయన దిండు చంకలో పెట్టుకుని లేచాడు. "చలిగా ఉంది" అని వెళ్ళిపోయాడు.

*

తరవాతి గురువారం ఆయన రాలేదు. ఆ పైవారం కూడా రాలేదు. నాకు ఆయన ఫోన్ నంబరు తెలియదు, అడగడం మర్యాద కాదనుకుని అడగలేదు. లైబ్రరీలో పనిచేసే అమ్మాయిని కనుక్కుందామని కౌంటరు దాకా వెళ్ళి, ఏమని అడగాలో తెలియక ప్రింటరు ఎక్కడుందని అడిగి వచ్చేశాను.

రెండో గురువారం సినిమాలో ఒక సైనికుడు యుద్ధం అయ్యాక చంకకర్రలతో సొంత ఊరికి వస్తాడు. యూనిఫాం మీద పతకాలున్నాయి. కూరగాయల దుకాణానికి వెళితే దుకాణదారు ఏమీ అనడు. చేతులు కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుని చూస్తాడంతే. ఆ సైనికుడు తీసుకున్న ఉల్లిపాయల్ని ఒక్కొక్కటే మళ్ళీ బుట్టలో పెట్టేస్తాడు. అంతకుముందు వేసిన సినిమాలన్నిటిలోనూ నేను సైనికుడి పక్షాన కూర్చుని చూశాను. నేనూ ఈ దేశానికి బయటి మనిషినే కదా. పెట్రోలు బంకులో నన్ను మీ దేశం పొమ్మన్నవాణ్ణి నేనూ చూశాను. కానీ ఆరోజు నా కళ్ళు దుకాణదారు మీదే ఉండిపోయాయి. అలా కూర్చోవడం నాకు తెలుసు. మా తాతగారి ఫొటోలో ఆయన కూర్చునేది అలాగే. మా నాన్నగారు అప్పులవాళ్ళ ముందు కూర్చున్నదీ అలాగే. ఆ గదిలో ముప్ఫై కుర్చీల మధ్య నేను కూర్చున్నదీ అలాగే. కావాలని కొంచెం వంగి కూర్చుందామని చూశాను. నడుం నొప్పి పెట్టింది.

ఆ వారమే ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. కింది ఫ్లాట్ అమ్మాయిని పిలిచి అడిగాను.

"అమ్మా, ఆ టైటిల్ జవాబు ఇప్పుడు మార్చవచ్చా?"

"ఎందుకు మార్చరాదు? ఇంటర్వ్యూల చెప్పండి, మిస్టేక్‌ల కొట్టిన అని. ఆఫీసర్ ఎడిట్ చేస్తరు" అంది. "నేను ఫస్టే చెప్పిన కదా అంకుల్. మీరేమో రాజసం చూపిస్తిరి."

యెస్ అని నొక్కింది గర్వంతో. ఇప్పుడు నో అందామనుకున్నది సిగ్గుతో. అది ఉత్త పేరే, పేరు ముందు ఒక మాట, అంతకన్నా ఏమీ లేదు, ఏనాడూ లేదు అని చెప్పేస్తే, ఆ రోడ్డూ, ఆ వసారా, ఆ రెండో కాఫీ కూడా లేనట్టే అవుతాయి. నాకు నిద్ర పడుతుంది. పైగా ఆ మాట నా దగ్గరే ఉంటుంది.

మూడో గురువారం పెద్దాయన వచ్చాడు. కూతురింటికి వెళ్ళి అక్కడ జలుబు చేసి ఉండిపోయానన్నాడు. నిజమో, మర్యాదకి చెప్పాడో తెలియదు. సినిమా మొదలవడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. నేను మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీలోకి జరిగాను. అలా జరగడం అదే మొదటిసారి.

"వచ్చే సోమవారం నా ఇంటర్వ్యూ. ఆ జవాబు నో అని మార్చేస్తున్నాను. అది పేరే, బిరుదు కాదని చెప్తాను" అన్నాను. ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన తెర వైపే చూస్తూ, "ఆ సైనికుడు బూట్లు విప్పింది మీ పేరుకా?" అన్నాడు.

నేనూ తెర వైపు తిరిగాను.

"మా నాన్న దగ్గర అది లేదు. లేదన్నాడు. దానికి వాళ్ళు వేసిన శిక్ష అనుభవించాడు" అన్నాడు. "మీ దగ్గర ఉందో లేదో మీకే తెలియాలి. నన్ను అడక్కండి."

దీపాలు ఆర్పేశారు. ఆరోజు సినిమాలో ఏం జరిగిందో నాకు గుర్తులేదు.

*

ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. గోళ్ళకి ఆకుపచ్చ రంగు. ప్రశ్నలు చకచకా అడుగుతూ, నా జవాబు పూర్తికాకముందే తరవాతి దానికి వెళ్ళిపోతోంది. టైటిల్ ప్రశ్న దగ్గర ఆగింది.

"సర్, ఇక్కడ యెస్ అని ఉంది. ఏ టైటిల్?"

"రాజా."

ఆమె నా పాస్‌పోర్టు చూసింది, స్క్రీన్ చూసింది. "అది మీ ఫస్ట్ నేమ్ కదా?"

"ఫస్ట్ నేమ్ గడిలో ఉంది."

"ఓకే. చాలామంది పొరపాటున నొక్కుతారు, ఫరవాలేదు" అని మొదటిసారి నవ్వింది. "నో అని మార్చేస్తాను. పేరు పేరుగానే ఉంటుంది. మీరు స్పెషల్‌గా చెప్పాల్సింది కూడా ఏమీ ఉండదు. మార్చేయనా?"

చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది. ఆ మాటని పోనివ్వకుండా నాకే ఉంచుతానంటోంది ఆ అమ్మాయి. అది ఏమీ కాదని నేను ఒప్పుకుంటే చాలు. మావాళ్ళెవరూ ఆ గదిలో లేరు. నేను ఏమన్నా వాళ్ళకి తెలియదు. పేటలోంచి వచ్చిన ఆ మనిషి తాలూకు వాళ్ళెవరూ కూడా లేరు. ఆయనకి పిల్లలున్నారో లేదో కూడా నాకు తెలియదు.

"పొరపాటు కాదు" అన్నాను. "అది బిరుదే. మా తాతగారి కాలంలో దాని ముందు జనం చెప్పులు విప్పేవారు."

ఆమె ఒక క్షణం నన్ను చూసింది. నేను గొప్ప చెప్పుకుంటున్నాననుకుందో ఏమో. "వదులుకోవడానికి సిద్ధమేనా?"

"సిద్ధమే. పేరులోంచి కూడా తీసేయాలి. దానికి ఏం చేయాలో చెప్పండి."

ఆమె నిట్టూర్చి వేరే ఫారం తెరిచింది. ఇట్టే తీరిపోయే పనిని పెంచిన మనిషిని చూసినట్టు చూసింది. అందులో తప్పేమీ లేదు.

కింది ఫ్లాట్ అమ్మాయికి చెబితే తల పట్టుకుంది. "అంకుల్! వాళ్ళే ఉంచుకోమంటే వద్దన్నరా? ఇప్పుడు లైసెన్స్, బ్యాంక్, సోషల్ సెక్యూరిటీ, అన్నీ మార్చాలె. ఎవరన్న ఇట్ల చేస్తరా?" తరవాత కొంచెం మెల్లగా, "మరి ఇప్పటిసంది మిమ్మల్ని ఏమని పిలువాలె?" అంది.

"నువ్వు అంకుల్ అనే పిలుస్తావుగా."

"నేను కాదు, మిగతోళ్ళు."

మిగతావాళ్ళెవరో ఇద్దరం కాసేపు ఆలోచించాం.

గురువారం పెద్దాయనతో చెప్పాను. ప్రమాణం రోజు రమ్మని కూడా అడిగాను, ఎవరినైనా రమ్మని అడిగి ఎన్నేళ్ళయిందో. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ప్రమాణాలకి నేను రాను. మా ఇంట్లో అవి అచ్చిరాలేదు" అన్నాడు. తరవాత నా మోకాలి మీద రెండుసార్లు తట్టి, దిండు సర్దుకుని తెర వైపు తిరిగాడు.

ప్రమాణం పెద్ద హాల్లో జరిగింది. కొన్ని వందలమంది ఉన్నారు. పూలగుత్తులు పట్టుకున్న కుటుంబాలు, జెండాలు ఊపే పసిపిల్లలు, వీల్‌చెయిర్లలో ముసలివాళ్ళు. నేను సూటు వేసుకున్నాను. అందరం చెయ్యెత్తి ప్రమాణం చేశాం. అది అయ్యాక నన్ను ఒక్కణ్ణి నిలబడమన్నారు. నాకు ముందే ఇచ్చిన కాగితంలో ఒక్క వాక్యం ఉంది, ఇంతవరకు నాకున్న ఫలానా బిరుదుని వదులుకుంటున్నానని. గొంతు వణకకుండా చదవాలని ఇంటిదగ్గర అద్దం ముందు పదిసార్లు చదివి వచ్చాను. వణకలేదు. ఎవరూ తల తిప్పి చూడలేదు. ముందు వరసలో ఒకావిడ కొడుకు టై సరిచేస్తోంది. వెనక ఎవరో ఫోన్‌లో ఫొటో సరిగ్గా రాలేదని మళ్ళీ తీస్తున్నారు. ఆ వాక్యం పన్నెండో పదమూడో మాటలు. చదవడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు అది పోవడానికి.

సర్టిఫికెట్లకి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, నన్ను పిలుస్తారని ఎదురుచూస్తున్నాను. ఎవరెవరో వెళుతున్నారు, వస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఒక పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. పిలిచినాయన అక్షరాలు కూడబలుక్కుని మళ్ళీ పిలిచాడు. మా అమ్మ తప్ప ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. ఆవిడ పోయి పంతొమ్మిదేళ్ళయింది. పక్క కుర్చీలో కూర్చున్న, ఏ దేశమో తెలియని ఒకావిడ నా చేతిలోని కాగితం మీదికి వంగి చూసి, మోచేత్తో మెల్లగా పొడిచింది.

"మీరే" అంది.

లేచాను.